శ్రీహరికోట యానాది సంసారి

శ్రీహరికోటలో యానాది గిరిజనుడు సంసారం నడపాలంటే అడవీ తెలియాలి, ఉప్పునీళ్లూ తెలియాలి. తూర్పున బంగాళాఖాతం, పడమట పులికాట్ సరస్సు. నడుమ సుమారు 175 చదరపు కిలోమీటర్ల ఇసుకదీవి. పాల, నేరేడు, అల్లి చెట్లు, పేము పొదలు దట్టంగా పెరిగిన ఈ నేలలో సేద్యానికి పనికొచ్చే భూమి తక్కువ. అందుకే ఇక్కడి ఇంటి యజమానికి నాగలితో పని పడలేదు. కర్రను కర్రతో మథించి నిప్పు పుట్టించడం, తేనెపట్టు ఎక్కడుందో పసిగట్టడం, బురదలో చేత్తో చేప పట్టడం అతని విద్యలు. తోడుగా ఇల్లాలు దుంపలు తవ్వేది, పండ్లు ఏరేది.

పులికాట్ లోతునీళ్లలో వల వేసే వంతులు పట్టపు కులంవారి ‘పాడు’ అనే కట్టుబాటులో ఉండేవి. ఆ వంతుల్లో యానాదికి చోటు లేదు. అతనికి మిగిలింది ఒడ్డువార మడుగులు, పీతల బొరియలు. పొలాల గట్ల మీద ఎలుకల వేట మరో ఆధారం. కన్నానికి కుండ మూతి ఆనించి, లోపల గడ్డి రాజేసి పొగ ఊదితే ఎలుక చిక్కేది. ఎలుక కూరకు, అది దాచుకున్న వడ్లు బువ్వకు. రైతుకు పంట దక్కేది. కానీ ఆ మేలుకు తగిన కూలి ముట్టిన దాఖలా అరుదు.

1835లో దీవి ప్రభుత్వం చేతికి వచ్చింది. అడవిని ఎరిగిన వాళ్లు యానాదులే కాబట్టి అటవీ సరుకు సేకరణ వాళ్లపైనే పడింది. కుంకుళ్లు, తేనె, మైనం, ముష్టి గింజలు, పేము తెచ్చి అప్పగిస్తే బదులుగా ధాన్యం, బట్ట, కొద్దిగా డబ్బు ఇచ్చేవారు. అన్నిటికంటే విలువైనది చిరువేరు. కోరమండలం అద్దకపు బట్టల ఎరుపు ఈ వేరుదే. ఇసుకలో సన్నని వేళ్లు తెగకుండా తవ్వడానికి ఓపిక కావాలి, చెయ్యి తిరగాలి. ఆ ఎరుపునిచ్చే అలిజరిన్‌ను 1869లో రసాయనికంగా తయారుచేసే పద్ధతికి పేటెంట్లు వచ్చాయి. ఆ తరువాత ఐరోపా కర్మాగారాల రంగు చవగ్గా దిగుమతై, చిరువేరుకు గిరాకీ పడిపోయింది. తవ్వేవాడు ఆ కర్మాగారాల పేరైనా విని ఉండడు.

వేరు పోయినా కట్టె మిగిలింది. పెరుగుతున్న మద్రాసు పొయ్యిలకు శ్రీహరికోట వంటచెరకు బకింగ్‌హామ్ కాలువ పడవల మీద వెళ్లేది. కొట్టడం, మోయడం, పడవకెత్తడం యానాది కూలీల పని.

ఇంత కష్టపడ్డా పోలీసు దృష్టిలో అతను అనుమానితుడే. నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో పలుచోట్ల యానాదులను నమోదు చేశారు. ఊరు కదలాలన్నా అనుమతి అడగాలి. ఆహారం కోసం తిరగడమే బతుకైన మనిషికి ఇంతకంటే క్రూరమైన ఆంక్ష ఉండదు. నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల పక్షాన ఏళ్లతరబడి పనిచేశారు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. 1962లో రాఘవయ్య యానాదుల జీవితంపై ఇంగ్లిష్‌లో ఒక గ్రంథం ప్రచురించారు.

1969లో రాకెట్ ప్రయోగాలకు దీవిని ఎంపిక చేశారు. తూర్పున ఖాళీ సముద్రం, జనం పలుచన, భూమధ్యరేఖకు దగ్గర కావడం ఇందుకు కారణాలు. 1971 అక్టోబరు 9న తొలి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. దీవిలోని ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొన్ని యానాది కుటుంబాలు అక్కడే ఉండిపోయి రోజుకూలి పనులకు కుదిరాయి. చాలామంది సూళ్లూరుపేట పరిసరాలకు చేరారు. అడవిలోకి ఇష్టం వచ్చినప్పుడు వెళ్లే రోజులు పోయాయి.

2011 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు 5 లక్షలకు పైనే. తీరంలో వాళ్లలో పలువురు నేడు పొలం కూలీలు, రొయ్యల గుంటల కాపలాదారులు. పొలంలో ఎలుకల బెడద ముదిరితే రైతులు ఇప్పటికీ వాళ్లకే కబురు పెడతారు.