చర్మంలోని గడియారం

రోగం ఏమిటని అడిగిన తర్వాత అది ఏ వేళకు వస్తున్నదని అడగటం ప్రాచీన హకీముల పద్ధతి. క్రీ.శ. 1025 ప్రాంతంలో ముగిసిన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’లో ఇబ్నె సీనా జ్వరాలను అవి తిరిగివచ్చే వేళనుబట్టి విభజించారు: ప్రతి దినమూ వచ్చేది, దినము విడిచి దినము వచ్చేది, రెండు దినాలు విడిచి వచ్చేది. ఆయనకు శతాబ్దం ముందే అబూ బక్ర్ రాజీ మరొక విషయం గమనించారు. అబూ జైద్ బల్ఖీ అనే పండితునికి వసంతకాలంలో గులాబీల వాసన సోకితే ముక్కు కారేది. ఎందుకిలా జరుగుతున్నదని రాజీ ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే వ్రాశారు. నేడు దీన్ని ఎలర్జీ అంటారు.

ఈ రెండు సంగతులు చూపి, శరీరంలోని గడియారాన్ని ఇస్లామీయ వైద్యులే కనుగొన్నారని చెప్పబోవటం తొందరపాటు. జ్వరాల విభజన గ్రీకు వైద్యుడు జాలీనూస్ నుండి సంక్రమించినది. కారణాన్ని వారు కఫ పిత్తాలలో వెదికారు. వారి గొప్పతనం పరిశీలనలో ఉంది. అది చాలు, దానికి లేని బిరుదులు తగిలించనక్కరలేదు.

వేళను నిర్ణయించేది ఎక్కడుంది? ఈ ప్రశ్నకు జవాబు ఒక మొక్క నుండి మొదలైంది. 1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మెరాన్ అత్తిపత్తి వంటి మొక్కను చీకటిలో ఉంచగా, ఎండ తగలకున్నా దాని ఆకులు పగలు విచ్చుకొని రాత్రి ముడుచుకున్నాయి. 1971లో కోనోప్కా, బెంజర్ అనేవారు ఈగలలో ఈ లయను నడిపే జన్యువు జాడ పట్టారు. ఆ జన్యువు పనితీరును విప్పిచెప్పిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. మెదడులో ఒక పెద్ద గడియారమున్నా, చర్మంతో సహా దాదాపు ప్రతి అవయవంలోని కణాలకూ సొంత గడియారం ఉన్నదని ఈలోగా తేలింది.

చర్మం విషయంలో ముఖ్యమైన అధ్యాయం అజీజ్ సంజార్‌ది. ఆయన 1946లో తుర్కియాలోని మార్దిన్ ప్రాంతపు సావూర్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. తల్లిదండ్రులు చదువుకోనివారు, పిల్లలు ఎనిమిదిమంది. ఇస్తాంబుల్‌లో వైద్యవిద్య ముగించి, స్వగ్రామ ప్రాంతంలో కొంతకాలం వైద్యం చేసి, అమెరికా వెళ్ళారు. ఎండవల్ల దెబ్బతిన్న డి.ఎన్.ఏ.ను కణం ఎలా బాగుచేసుకుంటుందో తేల్చినందుకు 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ పంచుకున్నారు. ఆ పతకాన్ని తరువాత అంకారాకు ఇచ్చివేశారు.

ఆయన బృందం 2011లో ఎలుకల చర్మంపై అతినీల కిరణాలు ప్రసరింపజేసింది. కొన్నిటికి తెల్లవారుజామున నాలుగింటికి, కొన్నిటికి సాయంత్రం నాలుగింటికి. మోతాదు ఒక్కటే. కాని తెల్లవారుజాము ఎలుకలలో చర్మపు కేన్సర్ గడ్డలు త్వరగా, సుమారు ఐదు రెట్లు అధికంగా వచ్చాయి. ఆ వేళకు మరమ్మతు చేసే ప్రోటీను వాటి చర్మంలో కనిష్ఠస్థాయిలో ఉంటుంది. 2015లో వచ్చిన మరో పరిశోధన చర్మం కందటం కూడా వేళనుబట్టి మారుతుందని చూపింది. అదే సంవత్సరం జపాను పరిశోధకులు, గడియారపు జన్యువులు చెడిన ఎలుకలలో సోరియాసిస్‌ను పోలిన వాపు తీరే మారిపోతుందని తెలిపారు.

రోగనిరోధకశక్తి కూడా ఈ లయకు లోబడినదే. వాపును అదుపు చేసే కార్టిసోల్ తెల్లవారగానే ఉచ్చస్థితిలో ఉండి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. అదే రాత్రి చర్మం వెచ్చబడి, లోపలి తేమ ఎక్కువగా ఆవిరవుతుంది. గజ్జి, తామర ఉన్నవారు పగలు ఎలాగో ఓర్చుకొని, పడక చేరగానే గోకటం మొదలుపెట్టటం వెనుక ఇవన్నీ ఉన్నాయి. ఆ బాధను చాదస్తమని ఇంటివారు కొట్టివేయటం అన్యాయం.

ఎలుక నిశాచరి, మనిషి పగటి ప్రాణి. అందుచేత మానవులలో మరమ్మతు ఉదయం ఎక్కువగా ఉండి, సాయంకాలపు ఎండే ఎక్కువ హాని చేయవచ్చునని సంజార్ బృందం ఊహించింది. ఇది ఊహే, వైద్యసలహా కాదు. మనుషుల నుండి వచ్చిన సాక్ష్యం ఒకటి మాత్రం గట్టిది: 2017లో బ్రిటిషు పరిశోధకులు 118 మంది కాలిన గాయాల రోగుల వివరాలు పరిశీలించగా, పగలు కాలిన గాయం సగటున 17 రోజుల్లోనూ, రాత్రి కాలినది 28 రోజుల్లోనూ మానింది.