కరువుకి సంవత్సరం పేరు

పద్మనాభం కొండకి వెయ్యికి పైగా మెట్లున్నాయి. సగం ఎక్కేసరికి ఆయాసం వచ్చి ఒక మెట్టు మీద కూలబడ్డాను. కింద కుంతీమాధవస్వామి గుడి, దాని చుట్టూ ఊరు, ఆవల పొలాలు. 1794 జూలై 10న ఈ నేల మీదే విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి చనిపోయాడు. ఆ యుద్ధం గంట సేపు కూడా సాగలేదు. అయినా రెండు వందల ఏళ్లు దాటాక కూడా ఇక్కడ ఎవరినడిగినా ఆ సంగతి చెబుతారు.

పక్క మెట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన కూడా చెప్పాడు. అంతా విని, "యుద్ధానికి ముందు ఇక్కడ పెద్ద కరువొచ్చిందట కదా తాతా, దాని గురించి మీ పెద్దలేమైనా చెప్పేవారా?" అని అడిగాను.

"కరువుకేటి బాబూ, వొస్తాది, పోతాది. రాజు ఒక్కపాలే కదా సచ్చిపోనాడు" అన్నాడాయన.

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

1790 నుంచి 1792 దాకా ఉత్తర సర్కారుల్లో భయంకరమైన కరువు నడిచింది. 1792లో మద్రాసు ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. మన దేశంలో కంపెనీ పెట్టిన కరువు పనుల్లో తొలినాటివి అవే అంటారు. ఆ తర్వాత ఏడాదే కంపెనీ విజయనగరం రాజుని పేష్కస్ బకాయిల కోసం నిలదీసింది. చెల్లించకపోయేసరికి సంస్థానాన్ని జప్తు చేసి, నెలకి 1,200 రూపాయల భరణం తీసుకుని మచిలీపట్నం వెళ్లి ఉండమంది. రాజు బయల్దేరి పద్మనాభం దాకా వచ్చి ఆగిపోయాడు. లెఫ్టినెంట్ కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనతో వచ్చాడు. మిగతాది మెట్టు మీది తాత చెప్పిన కథే.

బకాయిలకి కరువొక్కటే కారణమని నేననడం లేదు. రాజుకీ కంపెనీకీ మధ్య తగువులు అంతకు ముందు నుంచీ ఉన్నాయి. నేను చూస్తున్నది వేరే సంగతి. పన్ను కట్టకపోతే ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో అందరికీ తెలుసు. రైతు రాజుకి, రాజు కంపెనీకి, కంపెనీ లండన్‌లోని వాటాదారులకి. జమాబందీ లెక్కలో అందరూ జవాబుదారులే. జనం ఆకలితో చస్తే మాత్రం ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి? దానికి ఏ దస్త్రంలోనూ గడి లేదు.

మన పెద్దలు కరువులకి పెట్టుకున్న పేర్లు చూడండి. 1832-33లో గుంటూరు సీమని తుడిచిపెట్టింది నందన కరువు. 1876లో రాయలసీమని పీల్చేసింది ధాత కరువు. రెండూ పంచాంగంలోని సంవత్సరాల పేర్లే. యుద్ధానికి రాజు పేరో, ఊరి పేరో ఉంటుంది. ఆనకట్టకి కట్టిన దొర పేరుంటుంది. కరువుకి మాత్రం సంవత్సరం పేరు. అంటే తప్పు కాలానిది. కాలాన్ని బోనెక్కించలేం కదా!

1866లో ఒకసారి ఈ వరస కొంచెం మారింది. అంతకు ముందు ఏడాది వానల్లేక ఒరిస్సాలో పంట పోయింది. అప్పటి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ సెసిల్ బీడన్ ఫిబ్రవరిలో ఒరిస్సా వెళ్లి చూసి కూడా, ధాన్యం సంగతి వ్యాపారులే చూసుకుంటారని ఊరుకున్నాడు. తీరా కళ్లు తెరిచేసరికి వర్షాకాలం వచ్చేసింది, ఓడల్లోని బియ్యాన్ని ఒడ్డుకి చేర్చే దారి లేదు. దాదాపు పది లక్షల మంది పోయారు. ఆ ఆకలి మన గంజాం జిల్లాకీ పాకింది. అప్పట్లో శ్రీకాకుళం ఆ జిల్లాలోదే. ఆ ఏడాది పేరు అక్షయ!

ఈసారి విచారణ జరిగింది. జార్జ్ క్యాంప్‌బెల్ నాయకత్వాన కమిషన్ వేశారు. పార్లమెంటులో చర్చించారు. బీడన్ చెడ్డపేరుతో కొలువు వదిలాడు. ఇండియా మంత్రిగా ఉండి వెంటనే కదలని క్రాన్‌బోర్న్ ప్రభువు, ఆ తప్పు తనని జీవితాంతం బాధించిందని తర్వాత ఒప్పుకున్నాడు. ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ జవాబు చెప్పింది లండన్‌లో, ఒకరికొకరు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

జవాబు పైవాళ్లకి మాత్రమే చెప్పాల్సొస్తే ఏమవుతుందో రిచర్డ్ టెంపుల్ కథ చూస్తే తెలుస్తుంది. 1874లో బీహార్లో కరువొస్తే ఆయన బర్మా నుంచి బియ్యం తెప్పించాడు. చావులు చాలా తక్కువ. మెచ్చుకోవాలి కదా? దుబారా చేశాడని తిట్టారు. ధాత కరువునాటికి ఆయన పాఠం నేర్చుకున్నాడు. 1877లో వైస్రాయ్ లిట్టన్ ఆయన్ని మద్రాసుకి పంపితే, కరువు పనుల్లో మగవాడికి రోజుకి పౌను గింజలూ ఒక అణా చాలన్నాడు. పౌనంటే 450 గ్రాములు. దాంతో రోజంతా రాళ్లు కొట్టాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది మనిషికి చాలదని పోరాడాక కూలి పెంచారు. ఈలోగా ఎందరు పోయారో! మనిషి మారలేదు, అడిగేవాళ్లు దేన్ని అడుగుతున్నారన్నదే ఆయన్ని మార్చింది. డబ్బు లెక్క అడిగితే డబ్బు మిగిల్చాడు.

ప్రాణాల లెక్క అడిగే హక్కు జనం చేతికి రావడానికి ఓటు రావాల్సొచ్చింది. స్వతంత్ర భారతంలో అలాంటి మహా కరువు రాకపోవడానికి ఎన్నికలూ, పత్రికలూ ముఖ్య కారణమని అమర్త్య సేన్ అంటాడు. మనకి వేరే రుజువు అక్కర్లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఎందుకొచ్చింది? అన్నం పెడతానన్నవాడికి జనం ఓటేస్తారు గనక.

అయితే ఓటు ఐదేళ్లకోసారి. ఆకలి పూటపూటకీ. ఆ ఖాళీలో అడగడానికి చట్టం కావాలి. 2001లో పీయూసీఎల్ సుప్రీంకోర్టుకి వెళ్లింది, గోదాముల్లో ధాన్యం ముక్కుతుంటే జనం పస్తులుండటమేమిటని. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. కోటా బియ్యం మనిషికి నెలకి ఐదు కిలోలు. ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ప్రభుత్వం భత్యం చెల్లించాలి. ఫిర్యాదు వినడానికి జిల్లాకో అధికారి, పైన రాష్ట్ర ఆహార కమిషన్. 1792లో దస్త్రంలో లేని గడి ఇదే. ఆ గడిని నింపేవాళ్లెందరన్నది వేరే ప్రశ్న. డిపో దగ్గర లైన్లో నిలబడేవాళ్లలో ఆ భత్యం సంగతి తెలిసినవాళ్లు నాకింతవరకూ తారసపడలేదు.

దిగేటప్పుడు తాత ఇంకా అక్కడే ఉన్నాడు. పద్మనాభం యుద్ధం జరిగిన సంవత్సరం పేరు ఆనంద అని చెప్పాను. నవ్వాడు. కరువు ముదిరిన ఏడాది పేరు విరోధికృతు అన్నాను. ఈసారి నవ్వలేదు.

"అప్పుడు దొర ఎవలు బాబూ?" అని అడిగాడు.

కరువు గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.