అంగీ ఊడదీయించుకున్న విదూషకుడు

ఏప్రిల్ ఒకటి ఎవరో ఒకరిని ఫూల్ చేసే రోజు. ఆ మాట పుట్టిల్లు లాటిన్. అక్కడ ‘ఫోలిస్’ అంటే కొలిమితిత్తి, లోపలంతా గాలే. 1066 నార్మన్ దండయాత్ర తర్వాత ఫ్రెంచి నోట ఇంగ్లండు చేరి, ‘ఫూలిష్’ అనే విశేషణాన్ని కన్నది. అది మనిషికీ చెల్లుతుంది, అతని పనికీ చెల్లుతుంది. మొదటి జేమ్స్ రాజు పూనికతో 1611లో వెలువడిన బైబిల్లో, దీపాలకు నూనె తీసుకెళ్లని అయిదుగురు కన్యకలకు ఇదే మాట. తెలుగు బైబిల్లో వాళ్లు ‘బుద్ధిలేనివారు’.

ఆ జేమ్స్ కొలువులో విదూషకుడు ఆర్చీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఫూల్ అన్నది అతని ఉద్యోగం పేరు. ఇంకెవరూ నోరెత్తలేని చోట అతను మాట్లాడేవాడు. 1623లో పెళ్లి సంబంధం కోసం యువరాజు చార్లెస్ మారువేషంలో మాడ్రిడ్ వెళ్లాడు. బతికున్న ఒక్కగానొక్క కొడుకును అలా పంపినందుకు, “మన టోపీలు మార్చుకుందాం ప్రభూ” అన్నాడట ఆర్చీ. “మావాడు క్షేమంగా తిరిగొస్తేనో?” “అప్పుడు నా టోపీ స్పెయిన్ రాజుకు పెడతాను, చేతికి చిక్కినవాణ్ణి వదిలేసినందుకు!”

చార్లెస్ రాజయ్యాక చర్చి పెత్తనం ఆర్చ్‌బిషప్ విలియం లాడ్‌ది. 1637 జూలై 23న, లాడ్ పట్టుబట్టిన కొత్త ప్రార్థన పుస్తకాన్ని ఎడింబరో సెయింట్ జైల్స్ చర్చిలో చదవబోతే జనం పీటలు విసిరారు. స్కాట్లండు తిరగబడింది. అప్పుడు ఆర్చీ లాడ్‌నే నిలదీశాడు: ఇప్పుడు ఫూల్ ఎవరు? లాడ్ మీద అన్న మాటలకు, విదూషకుడి అంగీ ఊడదీసి కొలువు నుంచి వెళ్లగొట్టమని 1638 మార్చిలో ప్రివీ కౌన్సిల్ ఆజ్ఞాపించింది. ఎంత అన్యాయం! అతని ఉద్యోగమే అది కదా.

తర్వాత యుద్ధాలొచ్చాయి. 1645లో లాడ్ తల, 1649లో చార్లెస్ తల తెగిపడ్డాయి. ఆర్చీ ఆర్థరెట్ అనే చోట భూములు కొనుక్కుని చాలాకాలం బతికాడు. అతణ్ణి అక్కడ పూడ్చిన తేదీ 1672 ఏప్రిల్ 1.

ఆ తర్వాత ‘ఫూలిష్’ అనే విశేషణం ఎన్ని దారులు పట్టిందో! 2005లో స్టాన్‌ఫర్డ్ పట్టభద్రులకు స్టీవ్ జాబ్స్ ఫూలిష్‌గానే ఉండమని చెబితే మన ఇంజినీరింగ్ కుర్రాళ్లు కూడా గోడలమీద రాసుకున్నారు. నాయకుల ప్రకటనల్లో మాత్రం ఇప్పుడు దాని బదులు ‘ఇల్ అడ్వైజ్డ్’ వినిపిస్తోంది. అందులో తప్పు, సలహా ఇచ్చినవాళ్ల మీదకు పోతుంది. 1641లో పార్లమెంటు కూడా చార్లెస్‌ను వదిలి దుష్ట సలహాదారులనే తప్పుపట్టింది. ఆర్చీ అలా చుట్టు తిరగలేదు. చేసినవాణ్ణే అడిగాడు.