పీడీఎఫ్‌లో తెలుగు అక్షరాల స్పష్టత

అడోబీ సంస్థ 1993లో తెచ్చిన పీడీఎఫ్ 2008లో ఐఎస్ఓ ప్రమాణమైంది. ఇందులో తెలుగు అక్షరం రెండు రకాలుగా ఉంటుంది: స్కాన్ చేసిన బొమ్మగా, లేదా వంపుగీతలతో నిర్మించిన వెక్టర్ రూపంగా. బొమ్మను పెద్దది చేస్తే గళ్లు బయటపడతాయి. వెక్టర్ అక్షరం అంచు ఎంత జూమ్ చేసినా చెదరదు.

అసలు చిక్కు చిన్న సైజులోనే. నిజామాబాద్ జిల్లాలోని మండలం పేరు ‘జక్రాన్‌పల్లి’నే తీసుకుంటే, అందులో క్రావడి ఉంది, లకారానికి ఒత్తూ గుడీ ఉన్నాయి. 96 డీపీఐ తెరపై 10 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు సుమారు 13 పిక్సెళ్లే. అంచులు నునుపు చేయడానికి సాఫ్ట్‌వేర్ బూడిదరంగు పిక్సెళ్లు చేర్చగానే క్రావడి మసకబారుతుంది, ఒత్తు పైఅక్షరంతో కలిసిపోతుంది. పిక్సెళ్లు దట్టంగా ఉండే ఫోన్ తెరపై అదే పేరు తేటగా కనిపిస్తుంది.

ఫాంట్‌ను ఫైల్‌లోనే పొదగాలి. లేకపోతే చదివేవారి కంప్యూటర్ వేరే ఫాంట్ వాడి ఒత్తులు విడగొట్టవచ్చు, డబ్బాలూ చూపవచ్చు.

డీటీపీ కేంద్రాల్లో పాతుకుపోయిన, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్ల ఫైళ్లు తెరపై అందంగానే ఉంటాయి. కాపీ చేస్తే మాత్రం పిచ్చి గుర్తులొస్తాయి, వెతికితే పదం దొరకదు. తెలుగు పాఠకుడికి ఇది చిన్న నష్టం కాదు. యూనికోడ్ ఫాంట్ వాడినా, సంయుక్తాక్షరాల రూపాలను కోడ్‌లకు ముడివేసే పట్టిక ఫైల్‌లో సరిగా ఉండాలి.