పాస్‌వర్డ్ అడగని దర్వాజా

ఇంట్లో లైట్లు, గీజరు, నీళ్ల మోటారు ఫోన్ మీద నడిపించే షౌక్ మన ఇళ్లలోకీ వచ్చేసింది. గల్ఫ్‌లో ఉన్న బేటా అక్కణ్ణుంచే ఇక్కడ అమ్మీ ఇంటి వరండా లైటు వేస్తున్నాడు. దీని వెనక చాలాసార్లు ఒక చిన్న ఇంతెజాం ఉంటుంది. ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుకు హుకుం పంపుతుంది, అవతలిది పాస్‌వర్డ్ అడక్కుండా మాట వింటుంది. అడిగితే కుదరదు కదా! రాత్రి రెండింటికి మోటారు బంద్ చేయాల్సి వస్తే, పాస్‌వర్డ్ కొట్టడానికి అక్కడ ఎవరు కూర్చుని ఉంటారు? ఈ భరోసా ఎలా కుదిరిందన్నది కాస్త లంబీ కహానీ. మధ్యలో రెండు మూడుసార్లు బాగా దెబ్బతిన్న కహానీ కూడా.

మొదట్లో దూరపు కంప్యూటరులోకి వెళ్లడానికి టెల్‌నెట్ ఉండేది. మీరు కొట్టిన పాస్‌వర్డ్ అందులో పోస్టుకార్డు మీద రాసిన ఖత్‌లా వెళ్లేది. దారిలో చూసినవాడు చదువుకోవచ్చు. 1983లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ వాళ్లు 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ తెచ్చారు. అందులో ఆర్‌లాగిన్, ఆర్‌ఎస్‌హెచ్ అని రెండు కొత్త తరీఖాలు. ఒక ఫైలులో "పలానా మెషిన్ నుంచి పలానా మనిషి వస్తే ఏమీ అడక్కుండా రానివ్వు" అని రాసుకుంటే చాలు, పాస్‌వర్డ్ గొడవే లేదు. ఆ జమానాలో నెట్‌వర్క్ అంటే ఒక మొహల్లా, అందరూ జాన్‌పహచాన్ వాళ్లే. లోపల్నుంచి "కౌన్?" అంటే బయటివాడు "మై రషీద్" అంటాడు, గొళ్లెం తీస్తారు. వచ్చినవాడు నిజంగా రషీదేనా అని చూసే ఏర్పాటు మాత్రం లేదు.

1988 నవంబరు 2న ఆ లోపం బయటపడింది. కార్నెల్‌లో చదువుకుంటున్న రాబర్ట్ టపన్ మోరిస్ వదిలిన ఒక ప్రోగ్రాం తనంతట తాను నఖల్ చేసుకుంటూ ఇంటర్నెట్ మీద పాకింది. అది దూరిన దారుల్లో ఈ 'అడక్కుండా రానివ్వు' జాబితా ఒకటి. ఒక మెషిన్ చేతికి దొరికితే, దాన్ని నమ్మిన మెషిన్లన్నీ దొరికినట్టే. సుమారు 6,000 కంప్యూటర్లు చిక్కాయని అప్పటి అందాజా. అదాలత్ అతనికి మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జుర్మానా వేసింది. తమాషా ఏమిటంటే, యూనిక్స్ పాస్‌వర్డ్‌లను కాపాడే పద్ధతి మీద పనిచేసినవాళ్లలో ఇతని అబ్బా కూడా ఒకరు.

ఈ కొడుకే 1985లో, బెల్ ల్యాబ్స్‌లో ఉండగా, ఇంకో సంగతి కూడా రాసి పెట్టాడు. నెట్‌వర్క్ మీద ఒక మెషిన్ పేరుతో ఇంకో మెషిన్ అబద్ధం ఆడవచ్చని. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1994 డిసెంబరు 25న శాన్ డియాగోలో సుటోము షిమోమురా అనే సెక్యూరిటీ నిపుణుడి కంప్యూటరులోకి దొంగలు ఆ దారినే వచ్చారు. నమ్మకస్తుడైన మెషిన్‌లా నటించి, జాబితాలో రెండు ప్లస్ గుర్తులు చేర్చేశారు. వాటికి మతలబ్, ఎవరొచ్చినా రానివ్వు అని.

మరుసటి ఏడాది, 1995లో, ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో చాటుగా పాస్‌వర్డ్‌లు పోగుచేస్తున్నట్టు తేలింది. అక్కడ పరిశోధన చేస్తున్న తాతూ యులోనెన్ కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. జూలైలో అందరికీ ముఫ్త్‌గా ఇచ్చాడు. ఏడాది చివరికి 50 దేశాల్లో 20,000 మంది వాడుతున్నారు. దానికి అతను అడిగి తీసుకున్న పోర్టు నంబరు 22. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ 21, టెల్‌నెట్ 23. ఆ రెంటినీ సాగనంపాలని వచ్చినవాడికి సరిగ్గా వాటి మధ్యలోనే కుర్చీ దొరికింది!

అసలు కమాల్ మాత్రం చాబీల జోడీలో ఉంది. దీని పునాది 1976లో డిఫీ, హెల్‌మన్ వేశారు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ ఆర్‌ఎస్‌ఏ తయారుచేశారు. బ్రిటన్ గూఢచారి సంస్థలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే ఇదే కనిపెట్టాడు గానీ, సర్కారు దాన్ని 1997 దాకా రాజ్‌గానే ఉంచింది. రెండు చాబీల్లో ఒకటి ఖుఫియా, మీ మెషిన్ దాటి బయటికి పోదు. రెండోది ఎవరికైనా ఇవ్వవచ్చు. మీరు వచ్చినప్పుడు ఖుఫియా చాబీతో ఒక దస్తఖత్ చేస్తారు, అవతలి మెషిన్ రెండో చాబీతో దాన్ని పరఖ్ చేస్తుంది. ప్రతిసారీ దస్తఖత్ మారుతుంది కాబట్టి దారిలో దొంగిలించినా పనికిరాదు. పేరు చెప్పి లోపలికొచ్చే రోజులు దీంతో పోయాయి. 1999 డిసెంబరులో ఓపెన్‌బీఎస్‌డీ బృందం తెచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌నే ఇవాళ దునియా అంతా వాడుతోంది.

చాబీకీ జబ్బు చేస్తుంది. డెబియన్ లినక్స్‌లో 2006లో జరిగిన ఒక మార్పు వల్ల, ఒక్కో రకంలో 32,767 చాబీలకు మించి తయారయ్యేవి కావు. రెండేళ్ల పాటు ఎవరికీ షక్ రాలేదు. 2008లో బయటపడ్డాక ఎంతోమంది పాత చాబీలు పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది.

మన ఇళ్ల సంగతికి వస్తే, 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాం ఇళ్లలోని కెమెరాలు, రౌటర్లలోకి దూరింది. ఏ దారిన? పోయిందనుకున్న టెల్‌నెట్ దారినే, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లు ఓ 60 దాకా వరసగా ప్రయత్నించి. ఆ ఏడు అక్టోబరు 21న ఆ ఇంటి సామాన్లతోనే దాడి చేస్తే, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలు చాలామందికి అందలేదు. పిల్లల గదిలో కెమెరా పెట్టుకున్న ఏ అమ్మీకైనా ఇది తెలిసి ఉండాలి.

అందుకని, రాస్ప్‌బెర్రీ పై మీదో, హోమ్ అసిస్టెంట్‌తోనో ఇంటి హుకుములు నడిపించేవాళ్లకు నా సలహా ఇది. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఎడ్25519 రకం చాబీ చేయండి. పనిచేసేది మెషిన్ కాబట్టి ఆ చాబీకి పాస్‌ఫ్రేజ్ పెట్టడం కుదరదు. అదే ఇక్కడి ఖతరా. ఆ ఫైలు దొరికినవాడికి దర్వాజా తెరిచినట్టే. కాబట్టి ఈ పనికి వేరే చాబీ చేయండి, మీ సొంతది వాడొద్దు. అవతలి మెషిన్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైలులో, ఆ చాబీ వరసకు ముందు, అది నడపగలిగే ఒక్క హుకుం పేరు రాసేయండి. దాని పక్కన రిస్ట్రిక్ట్ అనే మాట కూడా పెట్టండి, 2016 నుంచి ఆ సౌకర్యం ఉంది. అప్పుడు చాబీ దొంగ చేతికి చిక్కినా వాడు మోటారు బంద్ చేయగలడు, అంతే. ఇల్లంతా తిరగలేడు.

మొదటిసారి మాత్రం మీరే చేత్తో నడిపి చూడండి. "ఈ మెషిన్‌ను నమ్మాలా?" అని అది ఒక సవాల్ వేస్తుంది. జవాబిచ్చేవాళ్లు లేకపోతే రాత్రిపూట హుకుం అక్కడే ఆగిపోతుంది. కళ్లు మూసుకుని యెస్ కొట్టేయకుండా, అది చూపించే వేలిముద్ర అవతలి మెషిన్‌దేనా అని సరిచూసుకోండి. పాత కంప్యూటరు అమ్మేసేటప్పుడు దాని చాబీ వరసను ఆ ఫైలులోంచి కొట్టేయండి. ఏ వరస ఎవరిదో గుర్తుండటానికి చివర్లో పేరు రాసుకునే జాగా ఉంది. 'అమ్మీ ఇంటి మోటారు' అని రాసుకున్నా చాలు.