విశాలాంధ్ర విలీనం: అనుకూల, ప్రతికూల భావాలకు మూలాలు

  1956కు ముందు తెలంగాణ ప్రాంతమంతా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రంతో కలవాలా, విడిగా ఉండాలా అన్న చర్చ అక్కడి జిల్లాలన్నిటా సాగింది.

కలవాలన్నవారికి భాషే ప్రధాన బలం. తెలుగువారంతా ఒక్క రాష్ట్రంగా ఉండాలన్న ఆశయాన్ని కమ్యూనిస్టులు గట్టిగా ముందుకు తెచ్చారు. వారి నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ రాశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం చూపు కూడా హైదరాబాదు నగరం మీదే ఉంది.

వద్దన్నవారి భయాలు నిత్యజీవితంలోనుంచి పుట్టాయి. తెలంగాణలో చదువు చాలాకాలం ఉర్దూలో సాగింది. 1948 తరువాత కొలువులకు బయటివారు రావడంతో, 1952లో విద్యార్థులు గైర్‌ముల్కీలు (స్థానికులు కానివారు) వెళ్లిపోవాలంటూ వీధుల్లోకి వచ్చారు. ఆ సెప్టెంబరులో హైదరాబాదులో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ గాయం మానకముందే విలీనం మాట వచ్చింది.

రాష్ట్రాల పునర్విభజనను పరిశీలించిన ఫజల్ అలీ కమిషన్ 1955 నివేదికలో ఈ భయాలను కొట్టిపారేయలేదు. ఆంధ్ర రాష్ట్రానికి డబ్బు కటకట. తెలంగాణకు భూమిశిస్తు ఎక్కువ, ఆబ్కారీ రాబడే ఏడాదికి సుమారు 5 కోట్ల రూపాయలు. ఆంధ్రలోనేమో మద్యనిషేధం. కలిశాక ఈ సొమ్ము ఏమవుతుంది, కృష్ణా గోదావరి నీళ్లు ఎవరి పొలానికి పారతాయి? సుమారు 1961లో జరిగే ఎన్నికల తరువాత హైదరాబాదు శాసనసభలో మూడింట రెండు వంతులమంది ఒప్పుకుంటేనే కలపాలని కమిషన్ సూచించింది. ఆ ఓపిక పట్టి ఉండాల్సింది.

అన్నేళ్లు ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరుప్రాంతాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. ఉద్యోగాలు, చదువులు, మిగులు నిధులు, భూముల అమ్మకాలే కాదు, తెలంగాణలో మద్యనిషేధం ఎలా ఉండాలన్నది సైతం అందులోకి ఎక్కింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలన్న మాట తొలి మంత్రివర్గంలోనే తప్పింది.

ఐరోపాలోనూ ఇటువంటి బెంగలే కనిపిస్తాయి. నార్వే ప్రజలు తమ చేపలవేట, వ్యవసాయం ఏమవుతాయోనని 1972లో, 1994లో ఓటేసి ఐరోపా కూటమిలో చేరికను కాదన్నారు. తెలంగాణ ప్రజలను మాత్రం అలా నేరుగా ఎవరూ అడగలేదు.

ఒప్పందంలోని మాట నిలవలేదన్న కోపమే 1969 తెలంగాణ ఉద్యమమైంది. 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైంది.