మన పొలములలో రాతి పనిముట్లు

బందరు, గుడివాడ, దివిసీమల నేల కృష్ణానది తెచ్చి పోసిన ఒండ్రు. దీని పైపొర పాతరాతియుగము గడచిన పిమ్మటనే ఏర్పడినది. దీనికి తనదగు రాయి లేదు. ఘంటసాల స్తూపపు సున్నపురాయియు ఎగువనుండి వచ్చినదే. కావున మన నాగటిచాలున తగిలిన రాయిని ఇచటికి ఎవరు తెచ్చిరని విచారింపవలెను.

1863 మే 30వ తేదీన రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు మద్రాసు చెంత పల్లావరమున ఒక రాతి పనిముట్టును గుర్తించెను. భారతదేశమున పాతరాతియుగపు పరిశోధనకు అదియే నాంది. కృష్ణ ఎగువతీరమున నాగార్జునకొండలో 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములందును అట్టి పనిముట్లు లభించినవి.

గుర్తించుట యెట్లు? ఏటిలో దొర్లిన రాయి గుండ్రనై నున్నబడును. రోడ్డుకంకర క్రమము లేక పగులును. మనుష్యుడు చెక్కిన రాతి అంచు వెంబడి పెచ్చులు లేచిన గుంటలు వరుసగా నుండును. లేచిన పెచ్చుమీద, దెబ్బ తగిలిన చోట, చిన్న ఉబ్బు నిలుచును. కొత్తరాతియుగపు గొడ్డలి అంచు నూరి నునుపు చేయబడి యుండును.

గుడివాడ స్తూపపు ఇటుకలు 19వ శతాబ్దమున రోడ్డుపనులకు పోయినవి. చదువదగిన చరిత్ర చక్రముల క్రింద నలిగినది. రైతు సోదరులారా! వింతరాయి దొరకిన దానిని గట్టున పారవేయకుడు, గీకి కడుగకుడు, మరికొన్ని దొరకునని త్రవ్వకుడు. పొలము సర్వే నంబరు, లోతు, తేదీ వ్రాసి పురావస్తుశాఖకు తెలుపుడు. దొరకిన చోటు తెలియని రాయి నోరులేని సాక్షి.